పరుగుకీ పర్వతానికీ ఒకే వాచ్: ముందు చూడాల్సింది ఆల్టిమీటర్

వారంలో నాలుగు రోజులు పరుగు, ఒకరోజు బరువు సంచితో మెట్లెక్కడం, సెలవుల్లో ట్రెక్కింగ్, ఆ తర్వాత 6,000 మీటర్ల శిఖరం. వీటన్నిటికీ ఒకే వాచ్ సరిపోతుందా, సరిపోతే సోలారా, అమోలెడ్ (వెలిగే రంగుల తెర) ఉన్నదా, డ్యూయల్ బ్యాండ్ (రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్) ఉన్నదా, రక్తంలో ఆక్సిజన్ చూపించేదా అన్నది మీ ప్రశ్న. ఒక్కటి సరిపోతుంది. కాకపోతే చూసే వరుస మార్చుకోండి. మొదట బారోమీటర్ (గాలి పీడనం కొలిచే సెన్సర్) ఉన్న ఆల్టిమీటర్ (ఎత్తు చూపేది), తర్వాత చలిలో బ్యాటరీ, ఆ తర్వాత చేతికి గ్లవ్స్ ఉన్నా పనిచేసే బటన్లు. ఈ మూడూ బాగున్న వాచ్‌లో మీరు అడిగిన మిగతావి ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. మూడింటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా మిగతా హంగులన్నీ కలిసి దాన్ని పూడ్చలేవు.

ఎత్తును వాచ్ రెండు రకాలుగా కొలుస్తుంది. ఒకటి జీపీఎస్ ద్వారా, రెండోది గాలి పీడనం ద్వారా. ఉపగ్రహాలన్నీ మన తలపైనే ఉంటాయి, భూమికి అవతలి వైపున్నవి మనకు కనపడవు. అందుకే జీపీఎస్‌లో నిలువు దిశలో వచ్చే తప్పు, అడ్డ దిశలో వచ్చే తప్పుకి ఒకటిన్నర నుంచి మూడు రెట్లు ఉంటుంది. నిలబడ్డ చోటే నిలబడినా అంకె పైకీ కిందకీ ఊగుతుంది. ఆ ఊగిసలాటంతా మొత్తం ఎక్కుడు లెక్కలో చేరిపోయి, ఎక్కని మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. బారోమీటర్ అలా ఊగదు, ఒకటి రెండు మీటర్ల తేడాను కూడా పట్టుకుంటుంది. పరుగు కోసం చేసిన తక్కువ మోడళ్లలో చాలావాటికి ఈ సెన్సర్ ఉండదు. గార్మిన్ ఫోర్‌రన్నర్ వరుసలోనే చూడండి: 55లో, 245లో లేదు, 255లో ఉంది. పెట్టె మీద ‘ఆల్టిట్యూడ్’ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. స్పెసిఫికేషన్లలో ‘బారోమెట్రిక్ ఆల్టిమీటర్’ అన్న మాట కనపడాలి.

అయితే బారోమీటర్ కొలిచేది పీడనాన్ని మాత్రమే, ఎత్తును అది లెక్కగట్టి చెబుతుంది. సముద్రమట్టం దగ్గర పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనానికి కొలమానం) మారితే అది సుమారు 8 మీటర్ల ఎత్తు. 3,000 మీటర్ల దగ్గర అదే ఒక్క హెక్టోపాస్కల్ 11 మీటర్లు, 5,000 దగ్గర దాదాపు 14 మీటర్లు. అంటే పైకి పోయేకొద్దీ వాతావరణంలో వచ్చిన కొద్దిపాటి మార్పే ఎత్తులో పెద్ద తప్పుగా కనిపిస్తుంది. పొద్దున సరిచేసిన వాచ్, వాతావరణం మారుతున్న రోజున సాయంత్రానికి 50 మీటర్ల తేడా చూపించడం మామూలే. అది వాచ్ లోపం కాదు, పీడనం అంత మారింది. చాలామంది దీన్ని చెడిపోవడం అనుకుని వాచ్ తిరిగి పంపేస్తుంటారు.

కాలిబ్రేషన్ (తెలిసిన ఎత్తుతో వాచ్‌ని సరిచేయడం) ఇలా చేయాలి. బయల్దేరే చోటు ఎత్తును మ్యాప్‌లోని స్పాట్ హైట్ (ఒక చుక్క పక్కన రాసిన ఎత్తు) నుంచి గానీ, కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) నుంచి గానీ తీసుకుని వాచ్‌లో చేత్తో నమోదు చేయండి. దారిలో ఎత్తు కచ్చితంగా తెలిసిన ప్రతి చోటా (కనుమ, సరస్సు ఒడ్డు, వాగులు కలిసే చోటు, క్యాంపు) మళ్లీ సరిచూడండి. వాతావరణం కదులుతున్న రోజున రెండు మూడు గంటలకోసారి చూడాలి, నిలకడగా ఉంటే పూటకోసారి చాలు. జీపీఎస్‌తో దానంతటదే సరిచేసుకునే సదుపాయం ఇప్పుడు చాలా వాచ్‌లలో ఉంది, మామూలు రోజుల్లో దాన్ని ఆన్‌లో ఉంచండి. కానీ ఇరుకైన లోయలో, కొండగోడ కింద నిలబడి దాన్ని వాడొద్దు. ఆకాశం సగమే కనపడే చోట జీపీఎస్ తన తప్పునే తెచ్చి బారోమీటర్‌కి అంటిస్తుంది.

ఇంకో తప్పు ఉష్ణోగ్రత వల్ల వస్తుంది, దీని గురించి మాన్యువల్స్‌లో ఒక్క వాక్యానికి మించి ఉండదు. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి కిలోమీటరుకీ 6.5 డిగ్రీలు తగ్గుదల అన్న ప్రామాణిక వాతావరణాన్ని పట్టుకుని వాచ్ లెక్కేస్తుంది. అసలు గాలి అంతకన్నా పది డిగ్రీలు వెచ్చగానో చల్లగానో ఉంటే, కాలిబ్రేట్ చేసిన చోటు నుంచి మీరు ఎక్కిన ఎత్తులో దాదాపు 4 శాతం తేడా వస్తుంది. 20 డిగ్రీలు వెచ్చగా ఉన్న రోజున నిజంగా 1,000 మీటర్లు ఎక్కితే వాచ్ సుమారు 930 చూపిస్తుంది. బాగా చల్లని రోజున ఇది తిరగబడుతుంది, ఉన్నదానికన్నా ఎక్కువ ఎత్తులో ఉన్నారని చెబుతుంది. శిఖరం ఇంకా 70 మీటర్లు ఉండగానే వచ్చేశామనుకోవడం ఇలాగే జరుగుతుంది. అందుకే పెద్ద ఎక్కుడులో కనీసం మధ్యలో ఒకసారి సరిచేసుకోవాలి.

క్యాంపులో ఇదే సెన్సర్ వాతావరణం చెబుతుంది. మీరు కదలకుండా ఉన్నప్పుడు పీడనం మారితే ఆ మార్పు వాతావరణానిదే. అది తెలియాలంటే వాచ్ బారోమీటర్ మోడ్‌లో ఉండాలి. ఆటో మోడ్ ఉన్నవి కదలిక చూసి వాటంతటవే మారతాయి, కానీ డేరాలో అటూ ఇటూ తిరిగితే కొన్ని తికమకపడతాయి. రాత్రికి చేత్తోనే బారోమీటర్‌కి మార్చేయడం మేలు. మర్చిపోయినా దారుంది: పడుకునేముందు ఎత్తు చూసి పెట్టుకోండి. 4,500 మీటర్ల క్యాంపులో తెల్లారేసరికి అది 50 మీటర్లు పెరిగి కనిపిస్తే పీడనం సుమారు 4 హెక్టోపాస్కల్స్ పడిపోయిందని అర్థం. సూంటో వాచ్‌లలో తుఫాను అలారం మోగేది మూడు గంటల్లో 4 హెక్టోపాస్కల్స్ పడితే. రాత్రంతా కలిపి అంత తగ్గితే కంగారు లేదు గానీ ఒక కన్నేసి ఉంచాలి, మూడు గంటల్లోనే తగ్గితే శిఖరం ప్రయత్నం గురించి మళ్లీ మాట్లాడుకోవాలి. పగలు ఎక్కుతున్నప్పుడు ఈ అలారాన్ని నమ్మొద్దు. ఎక్కుతున్నందుకే పీడనం తగ్గుతుంటుంది కాబట్టి, చాలా వాచ్‌లు ఆ సమయంలో దాన్ని ఆపేస్తాయి కూడా.

ఆల్టిమీటర్ మీద నేను ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం దారి వెతుక్కోవడం. పొగమంచు కమ్మేసి పది అడుగుల అవతల ఏమీ కనపడనప్పుడు, మీరున్న రిడ్జ్ (కొండ వెన్ను) ఏదో తెలిస్తే ఎత్తు ఒక్కటే మీ స్థానాన్ని పట్టిస్తుంది. రిడ్జ్ మ్యాప్‌లో ఒక గీత, ఎత్తు ఒక కాంటూర్, అవి రెండూ కలిసే చోట మీరున్నారు. ఎక్కేటప్పుడే ‘దిగేటప్పుడు 4,320 దగ్గర రిడ్జ్ వదిలి ఎడమకి తిరగాలి’ అని రాసి పెట్టుకుంటే, తిరుగు దారిలో ఏ గుర్తూ కనపడకపోయినా మలుపు తప్పిపోదు. మ్యాప్ తెర లేని పాత వాచ్‌లతో పర్వతారోహకులు ఏళ్ల తరబడి నెట్టుకొచ్చింది ఇలాగే. 1998లో వచ్చిన సూంటో వెక్టర్‌లో ప్రధానంగా ఉన్నవి ఆల్టిమీటర్, బారోమీటర్, దిక్సూచి మాత్రమే.

సెన్సర్‌కి గాలి వెళ్లేది వాచ్ పక్కనో వెనకో ఉండే సన్నని రంధ్రాల గుండా. చెమట ఉప్పు, సన్‌స్క్రీన్, దుమ్ము అందులో పేరుకుంటే ఎత్తు ఒకే అంకె దగ్గర ఆగిపోయి, కాసేపటికి ఒక్కసారిగా 30, 40 మీటర్లు గెంతుతుంది. గోరువెచ్చని మంచినీళ్లలో కాసేపు నానబెట్టి, కడిగి, ఆరనిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. పిన్నుతో పొడవొద్దు, లోపలి పొర చిరిగితే ఇక సెన్సర్ పోయినట్టే. గాలి ఈడ్చి కొట్టే రిడ్జ్ మీద ఎత్తు కొన్ని మీటర్లు ఊగుతుంటే అది మామూలే, చేతిని జాకెట్ చాటుకి తెచ్చుకుని చూడండి.

బ్యాటరీ సంగతికి వద్దాం. కంపెనీ ఇచ్చే గంటలు కొత్త బ్యాటరీకి, గది ఉష్ణోగ్రతలో, మ్యాప్ తెరవకుండా, లైటు వేయకుండా లెక్కగట్టినవి. మీ అవసరాన్ని ముందు కాగితం మీద వేసుకోండి. రోజుకి 10 గంటల రికార్డింగ్, చార్జింగ్ లేకుండా మూడు రోజులు అంటే 30 గంటలు. చలికీ, మ్యాప్ చూడటానికీ, బ్యాటరీ పాతబడటానికీ కలిపి రెట్టింపు పెట్టుకోండి. అంటే మీరు నిజంగా వాడబోయే జీపీఎస్ మోడ్‌లో 60 గంటలు ఉండాలి. ఇక్కడే మోసపోతారు: పెద్ద అక్షరాల్లో ఉండే అంకె బాగా పొదుపు చేసే మోడ్‌ది. డ్యూయల్ బ్యాండ్, అన్ని ఉపగ్రహ వ్యవస్థలూ కలిపి వాడితే ఎన్ని గంటలన్నది పట్టికలో ఎక్కడో కింద ఉంటుంది. చూడాల్సింది ఆ అంకెని.

పొదుపు మోడ్‌లు ఉపగ్రహాన్ని ఎక్కువసేపు వదిలేసి అప్పుడప్పుడు మాత్రమే పట్టుకుంటాయి. తిన్నని దారిలో పర్లేదు. వంకర్లు తిరిగే కొండదారిలో వంకలన్నీ కోసేసి దూరం తక్కువ చూపిస్తాయి, వెనక్కి రావడానికి ఆ గీతను నమ్మితే అది కొండ అంచు మీదుగా పోతుంది. గంటకోసారి మాత్రమే పాయింట్ వేసే ఎక్స్‌పెడిషన్ మోడ్ వారాల ప్రయాణానికి రికార్డుగా పనికొస్తుంది, దారి చూపడానికి పనికిరాదు.

సోలార్ గురించి. గార్మిన్ తన సోలార్ అంకెల్ని రోజుకి మూడు గంటలు 50,000 లక్స్ వెలుతురు పడుతుందన్న లెక్కతో ఇస్తుంది. చలికాలంలో వాచ్ జాకెట్ చెయ్యి కింద ఉంటుంది కాబట్టి ఆ మూడు గంటలు దొరకవు. ఎండలో పొట్టి చేతుల చొక్కాతో రోజంతా నడిచేవారికి లాభమే. మంచు పర్వతం కోసమే అయితే సోలార్‌కి అదనంగా ఖర్చు పెట్టే బదులు పెద్ద బ్యాటరీ ఉన్న మోడల్ తీసుకోండి.

చలిలో లిథియం బ్యాటరీ తనలో ఉన్న చార్జ్‌ని కూడా ఇవ్వలేకపోతుంది. సాయంత్రం 40 శాతం చూపించిన వాచ్ జాకెట్ పైన, గాలిలో ఉంటే ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. వెచ్చబడ్డాక మళ్లీ కొంత తిరిగొస్తుంది. అందుకని చర్మానికి ఆనుకుని, చెయ్యి కింద ఉంచండి. రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. అందుకే చాలా వాచ్‌లు ఆ చలిలో చార్జింగ్ తీసుకోవు. అది కేబుల్ తప్పు అనుకోవద్దు, వాచ్‌నీ పవర్ బ్యాంక్‌నీ కలిపి అరగంట సేపు జాకెట్ లోపల పెట్టుకుని మళ్లీ ప్రయత్నించండి. కేబుళ్లు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, జట్టులో ఎవరి దగ్గరా మీది ఉండకపోవచ్చు. రెండోది పట్టుకెళ్లండి. చార్జింగ్ పిన్నుల మీద చెమట ఆరిపోకుండా చార్జ్‌కి పెడితే అవి పచ్చబడి తుప్పు పడతాయి.

టచ్ తెర గ్లవ్స్‌తో పనిచేయదు, తడిసినప్పుడు దానంతటదే పనిచేస్తుంది, రెండూ చేటే. టచ్ పూర్తిగా ఆపేసినా మొదలుపెట్టడం, ఆపడం, ల్యాప్, మ్యాప్ పెద్దది చేయడం, తెరలు మార్చడం అన్నీ బటన్లతోనే జరగాలి. మణికట్టు వెనక్కి వంచినప్పుడు బటన్‌కి చెయ్యి ఒత్తుకుంటుందేమో చూడండి. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) పట్టుకున్నప్పుడు, ట్రెక్కింగ్ పోల్ మీద బరువు వేసినప్పుడు రికార్డింగ్ ఆగిపోయి రెండు గంటల తర్వాత గమనించడం ఈ వాచ్‌లలో తరచూ వచ్చే ఫిర్యాదు. బటన్ లాక్ ఉండాలి, దాన్ని వాడాలి. రెండో చేతికి మార్చుకున్నా చాలాసార్లు తీరిపోతుంది.

తెర ఏ రకమైనది అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఎంఐపీ తెర (బయటి వెలుతురునే వాడుకుని కనిపించేది) ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత బాగా కనిపిస్తుంది, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, బ్యాటరీ తక్కువ తింటుంది. అమోలెడ్ చీకట్లో, మ్యాప్ మీద చాలా అందంగా ఉంటుంది, కానీ ఎప్పుడూ ఆన్‌లో పెడితే బ్యాటరీ సగానికి పడిపోవచ్చు. తరచూ చార్జ్ దొరికేవారికి అమోలెడ్ పర్లేదు. రోజుల తరబడి దొరకకపోతే ఎంఐపీ. ఏదైనా సరే, మీరు వాడే చలువ కళ్లద్దాలు పెట్టుకుని చేతిని నాలుగు వైపులా తిప్పి చూడండి. పోలరైజ్డ్ అద్దాలతో కొన్ని తెరలు ఒక కోణంలో నల్లబడిపోతాయి.

డ్యూయల్ బ్యాండ్ అంటే ఉపగ్రహాలు పంపే ఎల్1 (1575.42 మెగాహెర్ట్జ్) ఫ్రీక్వెన్సీతో పాటు ఎల్5 (1176.45 మెగాహెర్ట్జ్) కూడా వినడం. రాతిగోడల మీద తగిలి ఆలస్యంగా వచ్చే సంకేతాన్ని అసలు సంకేతం నుంచి విడదీయడం దీనితో తేలిక. లోయలు, దట్టమైన అడవి, పెద్ద భవనాల మధ్య పరుగు ఉంటే తేడా తెలుస్తుంది. బయలు కొండ మీద దాదాపు ఉండదు. అక్కడ దాన్ని ఆపేసి గంటలు మిగుల్చుకోండి. దీనికన్నా ముఖ్యమైన సెట్టింగ్ ఒకటుంది: ఆటో పాజ్. నిటారు మంచులో గంటకి కిలోమీటరు కూడా కదలనప్పుడు వాచ్ మీరు ఆగిపోయారనుకుని రికార్డింగ్ ఆపేస్తుంది. కొండకి వెళ్లేముందు ఆటో పాజ్, ఆటో ల్యాప్ రెండూ తీసేయండి. కొత్త ప్రాంతానికి చేరాక మొదటిసారి ఆకాశం బాగా కనపడే చోట కొన్ని నిమిషాలు కదలకుండా నిలబడి ఉపగ్రహాలు పట్టుకోనివ్వండి. వాచ్‌లో ఉపగ్రహాల సమాచారం పాతబడి, ఫోన్‌తో సింక్ కూడా లేకపోతే అది మామూలు కన్నా ఎక్కువ సేపు తీసుకుంటుంది.

ఆఫ్‌లైన్ కాంటూర్ మ్యాప్ ఉంటే మంచిదే, లేకపోయినా జీపీఎక్స్ ఫైలు (దారి గీత ఉండే ఫైలు) ఎక్కించుకుని గీతను అనుసరించే సదుపాయం తప్పనిసరి. ఇంటి దగ్గరే ఫైలు ఎక్కించి, ఫోన్‌ని విమానం మోడ్‌లో పెట్టి వాచ్‌లో తెరుచుకుంటుందో లేదో చూడండి. కాగితం మ్యాప్ వాడితే వాచ్‌లో కోఆర్డినేట్ల రకం, డేటమ్ (స్థానాలను లెక్కగట్టే ఆధార వ్యవస్థ) రెండూ దానికి సరిపోయేలా మార్చుకోవాలి. వాచ్ డబ్ల్యూజీఎస్84 (జీపీఎస్ వాడే డేటమ్)లో, మ్యాప్ వేరే పాత డేటమ్‌లో ఉంటే వందల మీటర్ల తేడా వస్తుంది.

వాచ్ దిక్సూచిలో 5 డిగ్రీల తప్పు మామూలు. ఒక కిలోమీటరు నడిస్తే అది 87 మీటర్లు పక్కకి. కాబట్టి మామూలు బేస్‌ప్లేట్ దిక్సూచి సంచిలో ఉండాల్సిందే. వాడే ముందు ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి కాలిబ్రేట్ చేయండి, ఐస్ యాక్స్‌కీ, ఫోన్‌కీ, నీళ్ల గొట్టానికుండే అయస్కాంతం క్లిప్‌కీ దూరంగా పట్టుకోండి. అవలాంచ్ ట్రాన్స్‌సీవర్ (జారిపడిన మంచు కింద కూరుకుపోయినవారిని వెతికే రేడియో పరికరం) వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అది 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, చుట్టుపక్కల ఎలక్ట్రానిక్ వస్తువులు దాన్ని గందరగోళపెడతాయి. పంపే మోడ్‌లో 20 సెంటీమీటర్లు, వెతికే మోడ్‌లో 50 సెంటీమీటర్లు దూరం పాటించాలి. వాచ్ ఉన్న చేత్తో ట్రాన్స్‌సీవర్ పట్టుకుని వెతకొద్దు.

శిక్షణకి గుండె వేగం కావాలి, అందుకు మణికట్టు సెన్సర్ మీద ఆధారపడొద్దు. చలికి చర్మంలో రక్తప్రవాహం తగ్గుతుంది, పోల్ గానీ యాక్స్ గానీ గట్టిగా పట్టుకుంటే కండరాలు బిగుసుకుంటాయి. రెండు సందర్భాల్లోనూ ఆకుపచ్చ లైటుకి నాడి సరిగ్గా దొరకదు. పరుగులో ఇంకో చిక్కు: సెన్సర్ నాడిని వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. తేలిగ్గా మాట్లాడుతూ పరిగెడుతుంటే 170 చూపిస్తోందా? అడుగుల వేగం మార్చి చూడండి. అంకె దానితోపాటే మారితే అది గుండెది కాదు. ఛాతీ పట్టీ కొనండి, వాచ్ దాన్ని బ్లూటూత్‌తో గానీ ఏఎన్‌టీ ప్లస్ (సెన్సర్లను కలిపే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) తో గానీ తీసుకోగలగాలి. ఎక్కుడులో కిలోమీటరుకి ఎన్ని నిమిషాలన్నది అర్థం లేని లెక్క. మొదటి తెర మీద గుండె వేగం, ఎత్తు, గంటకి ఎన్ని మీటర్లు ఎక్కుతున్నారన్నది, ఈ మూడే పెట్టుకోండి. రెండో తెర మీద సమయం, సూర్యాస్తమయం, బ్యాటరీ శాతం. గాగుల్స్‌లోంచి మూడు అంకెలకి మించి చదవలేం.

రక్తంలో ఆక్సిజన్ కొలత కోసం ఎక్కువ పెట్టి కొనొద్దు. చల్లబడిన మణికట్టు మీద ఆ అంకె చాలా తేడాగా వస్తుంది. అంకె బాగుందని తలనొప్పి, వాంతి, తూలుడు ఉన్న మనిషిని పైకి తీసుకెళ్లడం ప్రాణాంతకం. ఎత్తు జబ్బును లక్షణాలతోనే నిర్ణయించాలి. దానికి వాచ్ చేయగల నిజమైన సాయం వేరే ఉంది: ప్రతి రాత్రీ పడుకున్న ఎత్తు రాసి ఉంచడం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి రోజు ఉండాలి. ఈ లెక్క తప్పుతున్నామా లేదా అన్నది ఆ చిట్టా చూస్తే తెలిసిపోతుంది.

అద్దం విషయంలో సఫైర్ తీసుకోండి. గ్రానైట్‌లోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7, సఫైర్ 9, మామూలు మినరల్ గ్లాస్ అంతకన్నా తక్కువ. గట్టి దెబ్బకి సఫైర్ పగలొచ్చు, గీతలు మాత్రం పడవు. నీటిని తట్టుకోవడానికి 10 ఏటీఎం (నీటి పీడనానికి వాచ్‌లు వాడే కొలత) ఉంటే బెంగ ఉండదు. పట్టీ ఒకే ముక్క నైలాన్‌ది, వాచ్ కింద నుంచి దూర్చేది మంచిది, ఒక పిన్ను ఊడినా వాచ్ లోయలో పడదు. రాతి చీలికల్లో చెయ్యి దూర్చి ఎక్కేటప్పుడు మాత్రం వాచ్ తీసి హార్నెస్ (నడుముకి కట్టుకునే తాడు పట్టీ)కి తగిలించండి. ఉష్ణోగ్రత అంకె చేతి మీద ఉన్నంతసేపూ ఒంటి వేడినే చూపిస్తుంది, విప్పి 20, 30 నిమిషాలు వేలాడదీస్తేనే గాలిది.

మోడళ్ల విషయానికొస్తే, మీ వాడకానికి గార్మిన్ ఫీనిక్స్, సూంటో వర్టికల్, కోరోస్ వర్టిక్స్, పోలార్ గ్రిట్ ఎక్స్ వరుసలు సరిపోతాయి. వీటిలో ఏది మీ చేతికి సరిగ్గా కూర్చుంటుందో అదే తీసుకోండి, చేయగల పనుల్లో తేడా చిన్నది. 2022లో వచ్చిన ఆపిల్ వాచ్ అల్ట్రా ఒక రోజు కొండకి చక్కగా ఉంటుంది. మామూలు వాడకంలో 36 గంటలన్న దాని బ్యాటరీ రోజుల ట్రెక్‌కి చాలదు. పరుగుకి వేరే వాచ్ ఇప్పటికే ఉంటే, పర్వతం కోసం కాసియో ప్రో ట్రెక్ గానీ సూంటో కోర్ గానీ చాలు. కోర్‌లో సీఆర్2032 బ్యాటరీని మీరే మార్చుకోవచ్చు. వాచ్‌లో ప్రమాద సందేశం అని రాసి ఉంటే అది ఉపగ్రహం ద్వారా వెళ్తుందా, ఫోన్ ద్వారా వెళ్తుందా అని చూడండి. ఎక్కువ వాటిలో ఫోన్ సిగ్నల్ లేకపోతే అది వెళ్లదు.

కొన్నాక, వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్షలు చేయండి. ఎత్తు కాలిబ్రేట్ చేసి పదంతస్తుల మెట్లు ఎక్కి దిగి, మొదటి మెట్టు దగ్గరికి వచ్చాక రెండు మూడు మీటర్ల లోపు తేడా ఉందో లేదో చూడండి. డ్యూయల్ బ్యాండ్ పెట్టి, మ్యాప్ తెర తెరిచి, ఛాతీ పట్టీ కలిపి నాలుగు గంటలు నడిచి ఎంత శాతం తగ్గిందో రాసుకోండి, దాన్నిబట్టి మీ అసలు గంటలు లెక్కగట్టండి. మీ దగ్గరున్న అతి మందమైన గ్లవ్స్ వేసుకుని చీకట్లో రికార్డింగ్ మొదలుపెట్టి, ల్యాప్ కొట్టి, మ్యాప్ పెద్దది చేసి, ఆపండి. చివరగా, రికార్డింగ్ ఆన్‌లో ఉంచి ఒక గంట ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ అరలో పెట్టి, తీసి చూడండి. జీపీఎస్ అక్కడ అందదు గానీ తెర మందగించడం, శాతం ఒక్కసారిగా పడిపోవడం తెలుస్తాయి. మాన్యువల్‌లో పనిచేసే ఉష్ణోగ్రత −20 అని ఉన్న వాచ్ దీనికి తట్టుకోవాలి. తీశాక పూర్తిగా గది వేడికి వచ్చి, తేమ ఆరేదాకా చార్జ్‌కి పెట్టకండి.